జీతముల యంతరము – బొక్కసపు లోటు: అపోహలు, వాస్తవములు

అపోహ: ధనికుల ఆర్జన పెరిగినకొలది పన్నును పెరుగును గనుక, అంతరము ఎంత హెచ్చినను బొక్కసమునకు లాభమే.

అమెరికా ఆదాయపు పన్ను మట్టుకు ఇది చాలవఱకు నిజమే. కాని ఆ దేశమున వృద్ధుల పింఛనులకై విధించు సోషల్ సెక్యూరిటీ పన్ను, ఉద్యోగినుండి నూటికి 6.2, యజమానినుండి మఱియొక 6.2 వంతున వసూలగుచు, ఏటేట నిర్ణయింపబడు ఒక హద్దువఱకే వర్తించును. 2024లో ఆ హద్దు 1,68,600 డాలర్లు. ఏటికి పది లక్షల డాలర్లార్జించు అధికారి జీతపుచీటిలో ఆ కోత మార్చి తొలివారమునాటికే ముగిసి, ఆపై డిసెంబరు వఱకు ఆ గడిలో సున్నయే కనబడును. సరిగా హద్దునంటిన జీతము గల ఇంజనీరు ఏడాది పొడుగునను కట్టుచునే యుండును. కడకు ఇరువురును కట్టినది 10,453 డాలర్లే.

1983 నాటి సోషల్ సెక్యూరిటీ చట్ట సవరణల వేళ, జీతముల మొత్తములో నూటికి సుమారు 90 వంతులు ఈ పన్నునకు లోబడి యుండెను. సగటు జీతముతోపాటు హద్దును పెంచుచున్నను, శిఖరముననున్నవారి జీతములు ఆ సగటును మించి పెరుగుటచే, నేడది సుమారు 83కు దిగినది. ఇందులకు ఏ కొత్త శాసనమును అవసరపడలేదు. 2010 నుండి పింఛనుల వ్యయము ఈ పన్ను రాబడిని మించుచుండగా, ఆ వెలితి సర్కారు అప్పులపై బడుచున్నది. వృద్ధుల సంఖ్య పెరుగుటయే ముఖ్యకారణమైనను, అంతరమునకు ఇందులో పాలు లేదనరాదు.

అపోహ: అంతరము తగ్గినచో లోటు తనంతట తానే తీఱును.

సమతావాదులకు ప్రియమైన ఈ మాటయు నిలువదు. ఒకే మొత్తము పలువురికి సమముగా పంచబడినచో, హెచ్చురేటు ఆదాయపు పన్ను రాబడి తగ్గును. 2000లో అమెరికా బొక్కసమున మిగిలిన 23,600 కోట్ల డాలర్లకు, స్టాకు మార్కెటు పొంగులో సంపన్నులు గడించిన లాభములును ఒక ఊత. పొంగు దిగి, మాంద్యమును పన్నుల తగ్గింపును తోడై, 2002 నాటికి 15,800 కోట్ల లోటు తేలినది.

అపోహ: లోటంతయు పేదల సహాయమువలననే.

ఆ సహాయములలో నొకటియైన, 1975లో ఏర్పడిన ఆర్జిత ఆదాయపు పన్ను రాయితీ, పనిచేసియు చాలినంత కూలి పొందనివారికే దక్కును; అనగా ఆ వ్యయమునకును తక్కువ జీతములే మూలము.

అపోహ: సోషల్ సెక్యూరిటీ పన్నునకు హద్దు తప్పనిసరి.

పింఛనునకును పరిమితి గలదు గనుక ఈ వాదము పూర్తిగా నిరాధారము గాదు. అయినను అదే జీతపుచీటిలో వృద్ధుల వైద్యమునకై కోతపడు మెడికేర్ పన్నునకు 1994 నుండి హద్దు లేదు.