దోమకాటు - దేహంలోని కాపలాదారులు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో నీటి ఎద్దడి మనకు కొత్త కాదు. కుళాయి వచ్చిన రోజున డ్రమ్ములు, తొట్లు, బిందెలు నింపి రోజుల తరబడి దాచుకుంటాము. ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది ఆ శుభ్రమైన నీటి అంచుననే. పగటిపూట కుట్టి డెంగీ, చికున్‌గున్యా వైరస్‌లను వ్యాపింపజేసేది కూడా ఈ దోమే.

దాదాపు మూడు దశాబ్దాలు దేశంలో కనుమరుగైన చికున్‌గున్యా 2005 చివరలో మన రాయలసీమలో తిరిగి తలెత్తింది. 2006లో దేశమంతటా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. జ్వరం వారంలో తగ్గినా, కీళ్ల నొప్పులు ఎందరినో నెలల తరబడి వేధించాయి. మగ్గాన్నీ పత్తిచేనునూ నమ్ముకున్న కుటుంబాలకు చేతివేళ్లు ముడుచుకోకపోవడమంటే కూలి పోవడమే.

సృష్టికర్త మన దేహానికి పుట్టుకతోనే కొందరు కాపలాదారులను ప్రసాదించాడు. చర్మంలోని డెండ్రైటిక్ కణాలు చొరబడిన వైరస్‌ను గుర్తించి లింఫు గ్రంథులకు సమాచారం చేరవేస్తాయి. వైరస్ సోకిన కణాలు, 1957లో కనుగొన్న ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని విడుదల చేసి పొరుగు కణాలను హెచ్చరిస్తాయి. సహజ హంతక కణాలు వైరస్ సోకిన కణాలను సంహరిస్తాయి. జ్వరం ఈ పోరాటానికి సూచన.

అయితే డెంగీ వైరస్ ఈ కాపలా కణాలలోనే దూరి వృద్ధి చెందుతుంది. అది నాలుగు రకాలు. ఒక రకం సోకి కోలుకున్నవారికి మరో రకం సోకినప్పుడు, పాత ప్రతిదేహాలే వైరస్‌ను మాక్రోఫేజ్ కణాలలోకి చేరవేయవచ్చు. అప్పుడు రక్తనాళాల నుండి ద్రవం కారి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. కనుక "ఒకసారి వచ్చింది కదా, ఇక రాదులే" అని నిశ్చింతగా ఉండరాదు. చికున్‌గున్యాలో కీళ్లలో చేరిన మాక్రోఫేజ్‌లే వాపును పొడిగిస్తాయి.

డెంగీలో జ్వరం తగ్గిన తరువాతి రెండు రోజులే కీలకం. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం, మగత కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. వైద్యుని సలహా లేకుండా ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వాడరాదు.

పాత్రలపై మూత ఉంచమన్న దైవప్రవక్త (స) బోధ మనకు తెలిసినదే. ఇంటి డ్రమ్ములకు మూత బిగిద్దాం, వారానికొకసారి ఖాళీ చేసి గోడలు రుద్ది కడుగుదాం. మసీదులోని వుజూ హౌజును కూడా మరువవద్దు. దుఆతో పాటు ప్రయత్నం కూడా మన బాధ్యతే.