నమాజు వరసలో సమానం, పెళ్ళి సంబంధంలో కులం

శుక్రవారం మసీదు ముందు చెప్పులు విప్పుతున్న కుర్రాళ్ళను చూసి "వీళ్ళు ఈమధ్య మతంలో పడ్డార్రా" అని మన కార్యకర్తలే అనేస్తుంటారు. ఆ మాటలోని తొందరపాటును మేం ఇక్కడ చర్చించదలిచాం. ఉదాహరణకి దూదేకులనే తీసుకుందాం.

నూర్‌బాషాలు, పింజారీలు, లద్దాఫులు అని కూడా పిలిచే ఈ కులం వృత్తి దూది ఏకడం, పరుపులు కుట్టడం. ఇంటి భాష తెలుగు. ఊళ్ళో హిందువులకి వీళ్ళు సాయిబులు. ఉర్దూ మాట్లాడే సయ్యద్, పఠాన్లకేమో సగం సాయిబులు. అటూ తక్కువే, ఇటూ తక్కువే. యంత్రాలొచ్చి ఏకుడుబద్ద మూలపడ్డాక వృత్తి ఇచ్చే చోటు కూడా పోయింది. ఆ ఖాళీలోనే మసీదు పిలుపు వినబడింది.

1920లలో మేవాత్‌లో మౌలానా ఇలియాస్ మొదలుపెట్టిన తబ్లీగీ జమాత్ పనితీరు చూడండి. నెలకి మూడు రోజులు, వీలైతే నలభై రోజులు, సొంత ఖర్చుతో ఊరూరా తిరగాలి. మెకానిక్కూ, డిగ్రీ విద్యార్థీ, వ్యాపారీ ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని తింటారు. జీవితంలో మొదటిసారి తనని ఎవరో "భాయ్" అని పక్కన కూచోబెట్టుకుంటే ఆ కుర్రాడికి ఎలా ఉంటుంది? గడ్డం, టోపీ, చీలమండ పైకి కుట్టించుకున్న పైజామా "నేనూ పూర్తి ముస్లింనే" అనే ప్రకటన. 1992లో బాబ్రీ మసీదు కూల్చాక ఆ ప్రకటనలో భయమూ, పట్టుదలా రెండూ చేరాయని మా అభిప్రాయం.

దీనికి మూల్యమూ ఉంది. తాత ఎత్తిన పీరుని మనవడు షిర్క్ అంటున్నాడు. పీర్లచావిడి దగ్గర మాదిగ డప్పూ, దూదేకుల ముజావరూ కలిసి నిలబడ్డారు. ఆ కలయిక కూడా పీరుతోపాటే పోతోంది.

పోనీ, కులం పోయిందా? నమాజు వరసలో భుజం భుజం తగులుతుంది. పెళ్ళి సంబంధం దగ్గర మాత్రం "మీరేం బిరాదరీ?" అని అడుగుతారు. ప్రభుత్వ జాబితాలు కూడా ఈ తేడాని ఒప్పుకున్నాయి. మెహతర్లు బీసీ-ఎ, దూదేకులు బీసీ-బి. 2007 చట్టం బీసీ-ఇ కింద 4 శాతం ఇస్తూ సయ్యద్, పఠాన్, మొఘల్‌లను మినహాయించింది. ఎస్సీ హోదా విషయంలో 1950 రాష్ట్రపతి ఉత్తర్వు 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ తలుపు తీసింది. పాకీపని చేసిన ముస్లింకి తియ్యలేదు.

టోపీ చూసి దూరం జరగడం తప్పు. మసీదులో కులం లేదని సరిపెట్టుకోవడమూ తప్పే. ముందు ఆ కుర్రాడి ఆత్మగౌరవాన్ని మనం ఒప్పుకోవాలి. నమాజులో దొరికిన సమానత్వం పెళ్ళిపందిట్లోకి ఎందుకు రాదన్న ప్రశ్నని అతనితో కలిసి అడగాలి.