పికప్ బండిలోని చిన్న దీపము

మన పాఠశాలకు వచ్చు బాలబాలికలలో పలువురి యిండ్ల ముందు నేడు పికప్ బండ్లు నిలిచియున్నవి. హోసూరు చుట్టుపట్ల పండు గులాబీలను బెంగళూరు కృష్ణరాజ మార్కెట్టునకును, టమాటాలను రాయకోట మండికిని చేర్చునవి యీ బండ్లే. సరకు వేకువజామునకే అంగడి చేరవలెను. ఆ వేళ తాళము త్రిప్పగా ‘టక్కు’ మను చప్పుడు తప్ప మఱేమియు రాకున్నచో ఆనాటి బాడుగ పోవుటయే గాదు, రైతు పడిన శ్రమయు బండిమీదనే వాడిపోవును.

తల్లిదండ్రుల సమావేశములకు వచ్చిన యజమానులు తమలో తాము మాటలాడుకొనుచుండగా మేము పలుమార్లు వినియున్నాము. ఒకరు క్యాబినులో రంగు దీపముల పట్టీ వేయించితి మందురు. మఱియొకరు వెనుకవైపు చూపు కెమేరాయు, సెల్‌ఫోను ఛార్జరును, చిన్న ఫ్యానును పెట్టించితి మందురు. మాట తుదకు బ్యాటరీ మీదికే వచ్చును. ‘‘రెండేండ్లు గూడా కాలేదు అయ్యవారూ, అప్పుడే డౌన్ అయిపోయింది’’ అని మాతో మొఱపెట్టుకొనువారును గలరు. మేము చూచినంతవఱకు దోషము బ్యాటరీది గానివే యెక్కువ.

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడైన గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. మోటారు బండ్లలో దానికి ముఖ్యమైన పని యేర్పడినది 1912లో. ఆ యేట కాడిలాక్ కార్లలో చార్లెస్ కెట్టరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు అమర్చబడినది. దానినే మన డ్రైవర్లు ‘సెల్ఫు’ అందురు. అంతకుముందు ఇంజను ముందు నిలిచి హ్యాండిలు త్రిప్పవలసివచ్చెడిది.

బ్యాటరీ పెట్టెలో ఆఱు గదులుండును. ఒక్కొక్క గది రెండు వోల్టులకు కొంచె మెక్కువ నిచ్చును. ప్రతి గదిలోను సీసపు పలకలును, సీసపు ఆక్సైడు పూసిన పలకలును సజల గంధకామ్లములో మునిగియుండును. విద్యుత్తు వాడుకొన్నకొలది రెండు జాతుల పలకలును సీసపు సల్ఫేటుగా మాఱును. ఆమ్లము పలుచనై నీటి వంటిదగును. ఇంజను నడచునపుడు ఆల్టర్నేటరు ఈ మార్పును వెనుకకు మరల్చును. ఇచట గమనింపవలసిన దేమన, ఖాళీయైన బ్యాటరీని దినములతరబడి యట్లే వదలినచో ఆ సల్ఫేటు గట్టి స్ఫటికములుగా బిగియును. పిదప నెంత ఛార్జి చేసినను పూర్వపు శక్తి రాదు. బండి బ్యాటరీ ఒక్క త్రుటిలో పెద్ద ప్రవాహము నిచ్చుటకు చేయబడినదే గాని, అడుగంట వాడుకొనుటకు చేయబడినది గాదు.

ఇక దీపము లెక్క చూతము. ఎనిమిదవ తరగతి పిల్లలు సయితము చేయగల లెక్క యిది. సెల్ఫు త్రిప్పునపుడు సుమారు 200 ఆంపియర్లు మూడు సెకనులపాటు ప్రవహించిన దనుకొందము. అది 600 ఆంపియరు-సెకనులు, అనగా ఒక ఆంపియరు-గంటలో ఆఱవ వంతు మాత్రమే. క్యాబిను పైకప్పున నుండు 10 వాట్ల పాత బల్బు 12 వోల్టులపై 0.83 ఆంపియరు తీసికొనును. ఆ బల్బు పండ్రెండు నిమిషములు వెలిగినచో సెల్ఫు ఒకసారి త్రిప్పినంత ఖర్చగును! శనివారము రాత్రి ఎనిమిది గంటలకు సరకు దింపి, దీప మార్పక తలుపు వేసి, సోమవారము ఉదయము ఆఱు గంటలకు వచ్చితిరనుకొనుడు. ముప్పదినాలుగు గంటలలో 28 ఆంపియరు-గంటలు పోవును. అరువది ఆంపియరు-గంటల క్రొత్త బ్యాటరీలో అది యించుమించు సగము. పాతబడి సగము శక్తికి దిగిన బ్యాటరీ యైనచో బండి కదలదు.

ఒక వాటు ఎల్‌ఈడీ దీపమునకు ఇందులో పదవ వంతే ఖర్చగును. కావున లోపలి బల్బును మార్చుకొనుట మంచిదే. పలువురు దీపము నార్పితి మనియే ప్రమాణము చేయుదురు. తలుపు సందున నుండు చిన్న స్విచ్చి దుమ్ముతో బిగిసికొనినచో తలుపు మూసినను దీపము వెలుగుచునే యుండును. రాత్రి చీకటిలో తలుపు మూసి అద్దములోనుండి తొంగి చూచిన యెడల తెలియును.

కంటికి కనబడని ఖర్చును గలదు. గడియారము, రేడియో జ్ఞాపకశక్తి, దొంగల అలారము, బండి జాడ తెలుపు పరికరము, ఇవన్నియు కలసి 50 మిల్లీ ఆంపియర్లు తీసికొనిన నెలకు 36 ఆంపియరు-గంటలగును. పండుగలకు ఊరికి పోయి బండిని నెలదినములు నిలుపువారు బ్యాటరీ నెగెటివు తీగను విప్పి పోవుట మేలు. క్రొత్తగా బిగించు దీపముల తీగను ఫ్యూజు లేకుండ నేరుగా బ్యాటరీకి తగిలించుట మాత్రము మేము ఒప్పుకొనజాలము. తీగ ఎచటనో ఒరసికొని తోలు ఊడినచో బండియే కాలిపోవును. ఫ్యూజు బ్యాటరీకి చేరువగా నుండవలెను.

సంరక్షణ కష్టమైనది గాదు. మూతలు గల బ్యాటరీలో నీరు తగ్గినపుడు డిస్టిల్డ్ వాటరే పోయవలెను, ఆమ్లము పోయరాదు. బోరు నీటిలోను, ఇంటి ఆర్‌వో నీటిలోను లవణములుండును. అవి పలకలను చెఱచును. టెర్మినళ్లపై పట్టిన తెల్లని, నీలపు పొడిని, మూతలు బిగించియుంచి, వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరిన పిదప వ్యాజలైను పూయవలెను. విప్పునపుడు నెగెటివు ముందు, బిగించునపుడు నెగెటివు కడపట. లేనిచో పాజిటివుపై నున్న స్పానరు బండి ఇనుమునకు తగిలి నిప్పులు రాలును. ఇంజ నాపిన కొన్ని గంటలకు మీటరుతో చూచిన 12.6 వోల్టులున్న నిండుగా నున్నట్లు, 12.2 ఉన్న సగమున కున్నట్లు. ఇంజను నడచుచుండగా 14కు చేరువగా నుండవలెను. అంతకు చాల తక్కువయైన బ్యాటరీని మార్చుటకు ముందు ఆల్టర్నేటరును, దాని బెల్టును చూపించుకొనుడు.

పిల్లలకు ప్రత్యేకముగా చెప్పవలసిన దొకటి గలదు. ఛార్జి అగునపుడు బ్యాటరీ నుండి ఉదజని వెలువడును; ఒక్క నిప్పురవ్వకు ప్రేలి ఆమ్లము కన్నులలో పడును. చీకటిలో నీటిమట్టము చూచుటకై అగ్గిపుల్ల గీయరాదు. వేఱొక బండి బ్యాటరీతో స్టార్టు చేయునపుడు ఎఱ్ఱ తీగను రెండు పాజిటివులకు తగిలించి, నల్ల తీగ నొక కొన మంచి బ్యాటరీ నెగెటివునకు, రెండవ కొన చెడిన బండి ఇంజను ఇనుమునకు, బ్యాటరీకి దూరముగా తగిలింపవలెను. కడపటి స్పర్శలోనే రవ్వ లేచును. అది ఉదజని యున్నచోట లేవరాదనియే ఈ యేర్పాటు.

పనికిరాని బ్యాటరీని పెరటిలో పగులగొట్టి సీసము తీయుట కొందఱికి వాడుక. ఆ సీసపు దుమ్ము చిన్న పిల్లల మెదడును దెబ్బతీయును. 2022 నాటి నియమముల ప్రకారము పాత బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులపై నున్నది. కావున క్రొత్తది కొనునపుడు పాతదానిని దుకాణములో నిచ్చి, దాని వెలను బిల్లులో తగ్గించుకొనవచ్చును.