రెండు డాలర్ల సీసా వెనక ఓ కుటుంబం

మా కూచిపూడి నుంచి పామర్రు, ఉయ్యూరు మీదుగా విజయవాడ వెళ్తుంటే దారిపొడవునా "వైన్స్" బోర్డులు కనిపిస్తాయి. తమాషా ఏంటంటే, ఆ షాపుల్లో అమ్మేదాంట్లో అసలు వైన్ చాలా తక్కువ. విస్కీ, బ్రాందీ పేరుతో ఉండే చవక సరుకులో చాలామటుకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్టే. మొలాసిస్ అంటే చెరకు నుంచి చక్కెర తీశాక మిగిలే మడ్డి. మిగులు సరుకు కాబట్టే చవక. వైన్ అలా కాదు, దానికి పండే కావాలి. ఒక్క 750 మిల్లీలీటర్ల సీసాకి కిలోకి పైగా ద్రాక్ష పడుతుంది.

మరి అమెరికాలో మన సీనియర్లు సరుకులకి వెళ్లే ట్రేడర్ జోస్‌లో రెడ్ వైన్ సీసా రెండు డాలర్లకి ఎలా వచ్చింది? 2002లో "చార్లెస్ షా" పేరుతో దిగిన ఆ వైన్ కాలిఫోర్నియాలో 1.99 డాలర్లు. జనం దానికి "టూ బక్ చక్" అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఇప్పుడు ధర పెరిగింది గానీ, చవక వైన్ అంటే ఇప్పటికీ ఆ పేరే చెబుతారు.

దాన్ని తయారుచేసేది బ్రాంకో వైన్ కంపెనీ. ఇటలీ నుంచి వలసొచ్చిన ఫ్రాన్జియా కుటుంబం వాళ్లది. 1973లో పెద్దవాళ్లు సొంత వైనరీని అమ్మేశారు, దాంతోపాటు ఇంటిపేరు కూడా పోయింది. ఇవాళ "ఫ్రాన్జియా" అని డబ్బాల్లో దొరికే వైన్‌కీ ఈ ఫ్రాన్జియాలకీ సంబంధం లేదు! అదే ఏడు ఫ్రెడ్, జోసెఫ్ అన్నదమ్ములు, వాళ్ల దాయాది జాన్ కలిసి బ్రాంకో మొదలెట్టారు. చార్లెస్ షా అనేది కూడా వీళ్ల పేరు కాదు. నాపా లోయలో వైనరీ పెట్టి దివాలా తీసిన ఒకాయనది. ఆ పేరుని వీళ్లు కొనుక్కున్నారు.

ఇక చవకదనం సంగతి. పులియడం ఎక్కడైనా ఒకటే: ఈస్టు చక్కెరని తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఎరుపు రంగు తొక్కల నుంచి దిగుతుంది. తేడా అంతా పొలంలోనే ఉంది. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీ మన డెల్టాలాగే చదును నేల, కాలవ నీళ్లు. ఎకరాకి పది టన్నులు దాటడం అక్కడ మామూలే. పేరున్న నాపాలో నాలుగు టన్నుల చుట్టూ ఆగుతుంది. కాయ ఎక్కువైతే రుచి పలచబడుతుంది, ధర కూడా దిగుతుంది. పైగా కోతకి యంత్రాలు, సొంత తోటలు, సొంత బాట్లింగ్ ప్లాంటు. మధ్యలో ఎవరికీ కమీషన్ పోకుండా చూసుకున్నారన్నమాట.

ఇదంతా తెలివే, కాదనను. కానీ 2002కి కాలిఫోర్నియాలో ద్రాక్ష అవసరానికి మించి పండి ధర కుప్పకూలింది. రైతులు తీగలు పీకేసుకుంటున్నప్పుడు బ్రాంకోకి సరుకు చవకగా దొరికింది. టమాటా ధర పడిపోయి రోడ్డు మీద పారబోసిన రోజులు చూసిన మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 2008 మే నెలలో, ఫ్రాన్జియాల తోటలో కాంట్రాక్టర్ కింద పనిచేస్తున్న 17 ఏళ్ల వలసకూలీ అమ్మాయి వడదెబ్బకి చనిపోయింది. కూలీల సంఘం వాళ్లు ఆ సంగతి చెబుతూ ట్రేడర్ జోస్ షాపుల ముందు నిలబడ్డారు.

మన డెల్టాలో ఈ పని ఎందుకు కుదరదంటే, నీళ్లు లేక కాదు, ఎక్కువై. ద్రాక్ష వేరు తడిలో నానకూడదు. మనదేమో నల్లరేగడి, ఉక్కపోత, పైన తుఫాన్లు. ఆకుకి బూజు తెగులు ఖాయం. అందుకే తెలుగువాళ్ల వైన్ ఒకటుందంటే అది హంపి కొండల దగ్గర పండుతోంది: "కృష్మా". హైదరాబాద్ గ్రాన్యూల్స్ ఇండియా స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులది. ఇద్దరి పేర్లూ కలిపి పెట్టిన పేరది.

నాకు ఆసక్తి అనిపించింది ఇక్కడే. గ్రాన్యూల్స్ అంటే పారాసిటమాల్. జ్వరం వస్తే చిల్లరతో కొనుక్కునే మాత్ర. అంత చవక సరుకు తయారుచేసే ఇంట్లోంచి వచ్చిన రెడ్ వైన్ మాత్రం స్టూడెంట్ జేబుకి అందదు. మందు రియాక్టర్‌ని ఏడాది పొడవునా నడపొచ్చు. ద్రాక్షతోట వైన్‌కి ఏడాదికి ఒక్క పంటే ఇస్తుంది. నాటాక మొదటి పంటకి మూడేళ్లు, ఆ పైన పీపాల్లో నిలవ. అప్పటిదాకా డబ్బు కదలదు. మూడు నెలలకోసారి లెక్క చెప్పాల్సిన కంపెనీ కంటే, భార్యాభర్తలు కూర్చుని "ఈ ఏడు కూడా ఆగుదాం" అనుకోగలిగిన ఇంటికే ఈ వ్యాపారం నప్పుతుంది.