కొండరెడ్లపై హైమండార్ఫ్ అధ్యయనం

ఒక ప్రజాసమూహం మధ్య నివసించి, వారి జీవనవిధానాన్ని ప్రత్యక్షంగా పరిశీలించి వర్ణించడాన్ని జాతివర్ణన లేదా ఎథ్నోగ్రఫీ అంటారు. భద్రాచలం పరిసర అడవులలో ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ కొండరెడ్లపై క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ (1909-1995) చేసిన అధ్యయనం. వియన్నాలో జన్మించిన ఈయన రెండవ ప్రపంచయుద్ధ కాలంలో శత్రుదేశీయునిగా పరిగణింపబడి హైదరాబాదు సంస్థానంలో ఉండిపోవలసి వచ్చింది. తెలుగు గిరిజనుల చరిత్రకు మాత్రం ఆ నిర్బంధం మేలే చేసింది. మొదట చెంచులను, తరువాత 1941లో పాపికొండల ప్రాంతపు రెడ్లను ఆయన అధ్యయనం చేశాడు. 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' 1945లో వెలువడింది.

పొరుగున ఉన్న కోయలకు సొంత భాష ఉండగా, కొండరెడ్ల మాతృభాష తెలుగే. కొండలపై వారు చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదనేలలో కర్రతో గుంటలు చేసి జొన్న విత్తేవారు. దీనినే పోడు అంటారు. జీలుగు చెట్టు కల్లు వారికి కేవలం మత్తుపానీయం కాదు, కొన్ని నెలలు ఆహారం కూడా. గోదావరి ఒడ్డున నివసించే రెడ్ల పరిస్థితి వేరు. కలప, వెదురు వ్యాపారుల వద్ద అప్పుపడి, వారికే కూలీలుగా మారారు. ఒకే తెగలోని ఈ తేడాను నమోదు చేయడమే గ్రంథంలోని విలువైన భాగం.

ఆ నదీతీర గ్రామాలలో అనేకం పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతంలోకి వచ్చాయి. ఖమ్మం జిల్లాకు చెందిన ముంపు మండలాలను 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు.