పత్తికి ప్రాస కత్తేనా?

పాటలు రాసే యువకులు తరచూ అడుగుతుంటారు, "ఈ మాటకు ప్రాస చెప్పండి" అని. తెలుగులో ప్రాసకు కరువేమిటి? మన వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. కనుక వచ్చింది, పోయింది, కూలింది అంటూ ఎన్ని పాదాలైనా కలిసిపోతాయి. బహువచనానికి "లు" ఉండనే ఉంది. ఇక్కడ కలిసినవి ప్రత్యయాలు మాత్రమే, కవి శ్రమ ఏమీ లేదు. పూర్వులు ప్రాసను పాదం చివర కాక, మొదట్లో రెండో అక్షరానికి కట్టడంలో ఈ మెలకువ కూడా ఉందేమోనని నాకనిపిస్తుంది. ప్రత్యయం అంత ముందుకు రాదు, అసలు మాటే పలకాలి. (అలాగని అప్పకవి చెప్పిన ప్రాసభేదాలన్నీ పాటకు అక్కర్లేదు. వేమన ప్రాసనియమం లేని ఆటవెలదినే చేపట్టాడు.)

ఆదోని దగ్గర ఒక పల్లెలో ఒక యువకవి పత్తి కూలీల మీద పాట వినిపించాడు. పత్తి, కత్తి, నెత్తి, సుత్తి - వరస బాగానే కుదిరింది. కత్తి పట్టి పత్తి కోశారన్న చోట ఒక కూలిమనిషి అడ్డుపడింది: "పత్తికి కత్తెందుకు నాయనా? చేత్తో ఇడిపిస్తాము కదా!" ఎండి విచ్చుకున్న కాయ మొనలు గోళ్ళ పక్కన గీరిన గుర్తులు చూపించింది. అభ్యుదయ కవికి కత్తి మీద మోజు ఎక్కువ, దానికి ప్రాస తోడైతే ఇక చెప్పనే అక్కర్లేదు. కానీ ఆమె చూపిన వేళ్ళకు ప్రాస ఆదోని జిన్నింగు మిల్లుల్లోనే ఉంది: బేళ్ళు. విడిపించే వేళ్ళకూ, అమ్ముడుపోయే బేళ్ళకూ ఉన్న సంబంధమే ఆ పాటకు వస్తువు. కత్తి దాన్ని కప్పిపుచ్చింది.

ఎమ్మిగనూరు సంగతి చూడండి. 1938లో మాచాని సోమప్ప నాయకత్వాన చేనేత సహకార సంఘం వెలసిన ఊరు. నేతపని నుంచి "పడుగు" తీసుకుందాం. రెండో అక్షరాన్ని పట్టుకొని మొదటి అక్షరం మార్చుతూ పోతే అడుగు, కడుగు, గొడుగు, తొడుగు, పిడుగు, మడుగు వస్తాయి. నిఘంటువు పని ఇంతవరకే. వీటిలో మగ్గం దగ్గర నిలిచేదేది? పిడుగు గంభీరంగా ఉంటుంది గాని కవి తెచ్చిపెట్టిన అలంకారమే. వానాకాలంలో గుంటమగ్గం కింద నీరు ఊరితే గుంట మడుగవుతుంది, పని ఆగిపోతుంది, కూలీ ఆగిపోతుంది. అందుకని నేను మడుగునే ఎంచుకుంటాను. పేకకు కేక కూడా ఇలాగే. ఎవరి కేకో, ఎందుకో తెలిస్తేనే వాడాలి.

ఇంకొకటి. బీజాపూరు, హైదరాబాదు ఏలుబడుల్లో ఉండి 1800లో కంపెనీ చేతికి పోయిన సీమ ఇది. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వీధిలో వినిపిస్తాయి. బజారు, బేజారు అలా మనకు చేరిన మాటలే. మొదటిదాన్లో లఘువు, రెండోదాన్లో గురువు ఉన్నాయి కనుక లాక్షణికుడు ఒప్పుకోడు. ధర పడిన రోజు పత్తి మార్కెట్టు మీద పాట కడితే మాత్రం ఆ జంటను నిరభ్యంతరంగా వాడుకోమంటాను.