విమానం ఆలస్యమైతే మనం అడగవలసినవి

కూచిపూడి కళాకారులు విమానమెక్కి దేశదేశాల్లో నాట్యం చేసి రావడం మనకు కొత్త కాదు. అయితే ఈనాడు మొవ్వ, పామర్రు చుట్టుపక్కల పల్లెల నుండి విమానమెక్కేవారు కళాకారులు మాత్రమే కారు. కూతురి పురిటికి అమెరికా వెళ్ళే తల్లులున్నారు. కువైట్‌లో, దుబాయ్‌లో కష్టపడి ఇంటికి డబ్బు పంపే అన్నదమ్ములున్నారు. గన్నవరం నుండి 2018 డిసెంబరులో సింగపూర్‌కు, 2022 అక్టోబరులో షార్జాకు నేరుగా విమానాలు మొదలయ్యాయి. అయినా మనవారిలో చాలామంది శంషాబాద్ నుండో, ఢిల్లీ, ముంబయిల మీదుగానో వెళ్తుంటారు.

బస్సు రాకపోతే కంట్రోలరును నిలదీసి అడుగుతాం. విమానాశ్రయంలో మాత్రం భాష రాదని, ఎవరేమనుకుంటారోనని నోరు మెదపం. గంటల తరబడి ఆకలితో కూర్చుంటాం. ఓర్పు మంచిదే. కాని టిక్కెట్టు డబ్బులోనే మనకు కొన్ని హక్కులు కూడా వచ్చాయని మరువకూడదు.

మన దేశపు నిబంధనలు

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2010 ఆగస్టులో ఈ విషయమై నిబంధనలు జారీ చేసి, తరువాత సవరించింది. వాటి ప్రకారం గల్ఫ్ వంటి రెండున్నర నుండి 5 గంటల ప్రయాణానికి విమానం 3 గంటలకు మించి ఆలస్యమయ్యేటట్లుంటే, వేళకు వచ్చిన ప్రయాణికులకు సంస్థ ఉచితంగా భోజనం లేదా ఫలహారం ఇవ్వాలి. అంతకంటె దూర ప్రయాణాలకు ఇది 4 గంటలు. ఆలస్యం 24 గంటలు మించినా, రాత్రి 8 నుండి తెల్లవారుజామున 3 గంటల మధ్య బయలుదేరవలసిన విమానం 6 గంటలకు మించి ఆలస్యమైనా హోటలులో బస కల్పించాలి. విదేశాలకు వెళ్ళే విమానాలు చాలావరకు రాత్రివేళల్లోనే ఉంటాయి గనుక ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఒక హైదరాబాదు ప్రయాణికుని కథ

2007 డిసెంబరు 14న ఢిల్లీ నుండి హైదరాబాదుకు రావలసిన ఇండిగో విమానం పొగమంచు వల్ల కదలలేదు. ప్రయాణికులు దాదాపు 11 గంటలు విమానంలోనే కూర్చోవలసి వచ్చింది. వారిలో ఒకరు హైదరాబాదులోని శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించారు. 10 వేల రూపాయల పరిహారం, 2 వేల రూపాయల ఖర్చులు ఇవ్వాలని అక్కడ తీర్పు వచ్చింది. హైకోర్టు దానిని సమర్థించింది. కాని 2011 జూలై 4న సుప్రీంకోర్టు ఆ పరిహారాన్ని రద్దు చేసింది. మంచు పడడం సంస్థ తప్పు కాదన్నది.

అయితే ఆ తీర్పులోనే మనకు మేలు చేసే మాటలు రెండున్నాయి. చవక టిక్కెట్ల సంస్థ అయినా సరే, ఆలస్యమైనప్పుడు ప్రయాణికులకు ఆహారం, నీరు, మరుగుదొడ్డి సదుపాయం నిరాకరించడానికి వీలులేదు. టిక్కెట్టు మీద ఢిల్లీ కోర్టులకే అధికారమని అచ్చువేసినా, హైదరాబాదు లోక్ అదాలత్ ఆ ఫిర్యాదు వినవచ్చు. అంటే ఆలస్యానికి కారణం ఏదైనా అన్నం అడగవచ్చు. డబ్బు రావడం మాత్రం కారణాన్ని బట్టి ఉంటుంది.

దేశం దాటితే

అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉంది. మన దేశం 2009లో అందులో చేరింది. ఆలస్యం వల్ల మనకు నిజంగా కలిగిన నష్టాన్ని రుజువు చేస్తే సంస్థ చెల్లించాలి. ఆలస్యాన్ని నివారించడానికి చేయదగినదంతా చేశామని సంస్థ నిరూపించుకుంటే ఆ బాధ్యత ఉండదు. 2024 డిసెంబరు 28 నుండి ఈ ఒప్పందపు గరిష్ఠ పరిమితి మనిషికి 6,303 ఎస్.డి.ఆర్.లు. ఇది అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క. మన డబ్బులో 7 లక్షల రూపాయలకు పైనే. అంత వస్తుందని కాదు, అంతకు మించి రాదని అర్థం.

యూరోపులో పద్ధతి వేరు. అక్కడ 2004లో చేసిన చట్టాన్ని, 2009లో వచ్చిన కోర్టు తీర్పును బట్టి, యూరోపియన్ యూనియన్ దేశం నుండి బయలుదేరినవారు గమ్యానికి 3 గంటలు లేదా అంతకు మించి ఆలస్యంగా చేరితే, తప్పించగలిగిన కారణమైతే, దూరాన్ని బట్టి 600 యూరోల వరకు కోరవచ్చు. ఇక్కడి నుండి అక్కడికి వెళ్ళేటప్పుడు ఆ దేశాల విమాన సంస్థలకే ఇది వర్తిస్తుంది.

ఇవి మరువకండి

1. గన్నవరం నుండి గమ్యం వరకు ఒకే టిక్కెట్టుగా తీసుకోండి. విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోయినప్పుడు ఆ రెండవ సంస్థను అడగడం కష్టం.

2. ఆలస్యానికి కారణం కాగితం మీద వ్రాసివ్వమనండి. ఇంగ్లీషు రాకపోతే "రీజన్ ఇన్ రైటింగ్, ప్లీజ్" అంటే చాలు.

3. బోర్డింగ్ పాసు, భోజనానికి, బసకు, టాక్సీకి అయిన రశీదులు పారవేయకండి. నష్టానికి అవే సాక్ష్యం.

4. ఆవకాయ జాడీ పగిలి సామాను పాడైతే 7 రోజుల్లోగా వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. సామాను ఆలస్యంగా అందితే, అందిన నాటి నుండి 21 రోజులు గడువు. దావాకు 2 సంవత్సరాలు.

ముందుగా సంస్థకే వ్రాయండి. జవాబు రాకపోతే కేంద్ర విమానయాన శాఖవారి ఎయిర్ సేవలో ఫిర్యాదు చేయవచ్చు. 1915 నంబరుకు ఫోను చేసి వినియోగదారుల సలహా పొందవచ్చు. అప్పటికీ కాకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. కూచిపూడివారు ఢిల్లీ వెళ్ళనక్కరలేదు, మచిలీపట్నం వెళ్తే చాలు. విలువ 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు.

మన ఇంటి పెద్దలు ఒంటరిగా ప్రయాణం చేసేటప్పుడు పచ్చళ్ళు, పిండివంటలు జాగ్రత్తగా కట్టి పంపుతాం. ఈ పుట కూడా కత్తిరించి వారి పాస్‌పోర్టులో పెట్టి పంపండి. విమానాశ్రయంలో అర్ధరాత్రి ఆకలితో, ఎవరిని అడగాలో తెలియక కూర్చున్న తల్లికి ఇది అక్కరకు వస్తుంది.